వాడి

రష్యా ఓడలు రావడం మానేశాక
సియెన్‌ఫ్యూగోస్‌లో మొదట సబ్బు పోయింది,
తరవాత వెన్న, తరవాత సాయంత్రాలు.
బ్లేడ్లు ఎప్పుడు పోయాయో ఎవరూ గమనించలేదు.
ఒకరోజు చూస్తే
వీధిలో మగాళ్లందరికీ గడ్డాలు.

మా నాన్న ఎవేలియోకి తప్ప.

ఆయన బడిలో లెక్కలు చెప్పేవాడు.
"మాసిన గడ్డంతో వెళ్తే
నా భిన్నాలు ఎవడు నమ్ముతాడు?" అనేవాడు.

తెల్లారేసరికి వంటింట్లో చప్పుడు.
బల్గేరియా జామ్ అయిపోగా మిగిలిన గాజుగ్లాసు,
దాని లోపలి వంపులో రెండు చుక్కల నీళ్లు,
బ్లేడు నడుం మీద చూపుడువేలు ఆనించి
ఇటు ఇరవై, అటు ఇరవై.
గాజు మీద గోరు గీసినట్టు కాదు,
పిల్లి పాలు తాగుతున్నట్టు
చిన్న తడి చప్పుడు.
నాకు అదే కోడికూత.
కోళ్లని అప్పటికే తినేశాం.

బొటనవేలి గోటికి తాకించి చూసేవాడు.
జారిందా, మళ్లీ ఇరవై.
పట్టుకుందా, చాలు.
వాడితే వాడి పోతుంది.
పోయిన వాడిని పిలుచుకొచ్చి
మళ్లీ వాడటం,
ఆ ఏడాది మా ఇంట్లో చదువంటే అదే.

గడ్డం గీసిన ప్రతిసారీ
అద్దం పక్కన సున్నం మీద పెన్సిల్‌తో ఒక గీత.
నాలుగు నిలువు, ఐదోది అడ్డం.
ఒకే బ్లేడు. నూట ముప్పై నాలుగు.
పక్కింటి రిగోబెర్తో లెక్కపెట్టి
"జైలు గోడలా ఉందయ్యా" అన్నాడు.
నాన్న గ్లాసు కడుగుతూ ఊరుకున్నాడు.

ఆగస్టులో, కరెంటు లేని ఒక రాత్రి
మూడో అంతస్తు నెరేయిదాకి నొప్పులొచ్చాయి.
అంబులెన్సుకి పెట్రోలు లేదు.
మంత్రసాని ఒర్కీదియా
ఎవరిదో సైకిలు వెనక కూర్చుని వచ్చింది.
దీపం చాలదంది, సర్దుకుంటానంది.
నీళ్లు మరగనివ్వండి అంది.
"బ్లేడు మాత్రం కొత్తది కావాలి" అంది.

కొత్త బ్లేడు!
మెట్ల మీద నిలబడ్డవాళ్లు
ఆవిడ చంద్రుణ్ణి అడిగినట్టు చూశారు.

నాన్న లోపలికి వెళ్లి
లాగరిథమ్ పట్టికల పుస్తకం తెచ్చాడు.
పేజీల మధ్య, మైనపు కాగితంలో,
మడత విప్పని బ్లేడు.
నూనె వాసన ఇంకా పోలేదు.

అమ్మ ముఖం నాకింకా గుర్తు.
నూట ముప్పై నాలుగు ఉదయాలు
ఆ మొండిదానితో ఆయన చెంపలు చెక్కుకుంటే
రక్తం మీద కాగితం ముక్కలు అంటించింది ఆవిడే.
"ఎప్పటిదిది?"
"ఆఖరుసారికి దాచాను" అన్నాడు నాన్న.
ఎవరి ఆఖరుసారో చెప్పలేదు.
పైనుంచి పిల్లాడి ఏడుపు వినబడేదాకా
అమ్మ ఆయనతో మాట్లాడలేదు.
ఆ తరవాత కూడా రెండ్రోజులు.

ఒర్కీదియా ఆ బ్లేడు తిరిగివ్వలేదు.
మర్నాడు పొద్దున వంటింట్లో
పిల్లి మళ్లీ పాలు తాగింది.
నూట ముప్పై ఐదు.

ఆ రాత్రి పుట్టిన యానియెర్‌కి ఇప్పుడు పదిహేడు.
నాలుగు వెంట్రుకల మీసం కోసం
పసుపురంగు ప్లాస్టిక్ రేజరు కొంటాడు,
రెండుసార్లు గీసి చెత్తబుట్టలో పడేస్తాడు.
నాన్న ఏరుకొస్తాడు.
దీనికి గ్లాసు పనికిరాదు.
పాత జీన్స్ తొడమీద పరుచుకుని
గీసే వైపు కాదు, దానికి ఎదురుగా
ఇరవై, మళ్లీ అటే ఇరవై.
"ఇంకో నాలుగు నెలలు వస్తుందిరా."
"తాతా, దుకాణంలో బోలెడున్నాయి" అని
వాడు నవ్వుతాడు.

బోలెడు అన్న మాటకి
నాన్న ఓడరేవు వైపు ఒకసారి చూస్తాడు.
తరవాత వాడి చొక్కా కింద, బొడ్డు ఉండే చోటు.
ఏమీ అనడు.
వాడి చుబుకం పట్టుకుని వెలుతురుకి తిప్పి
"ఇక్కడ వదిలేశావు" అంటాడు.